ఓడ చేరిన రోజు, సరుకు చేరిన రోజు

మిర్యాలగూడ మిల్లులో సంచికెత్తిన సోనామసూరి బియ్యం న్యూజెర్సీలోని తెలుగువారి దుకాణం చేరేలోపల ఎన్ని చేతులు మారుతుందో లెక్కపెట్టే కొనుగోలుదారులు అరుదు. మిల్లు నుంచి లారీ, లారీ నుంచి రేవులోని కంటెయినర్ యార్డు, అక్కడి నుంచి చిన్న ఓడలో కొలంబో, కొలంబోలో పెద్ద ఓడ, ఆపైన సముద్రాలు దాటి న్యూయార్క్ రేవు, కస్టమ్స్ తనిఖీ, మళ్ళీ లారీ, గోదాము, ఆఖరున దుకాణం. ఈ గొలుసులో ఓడ కంపెనీకి కిరాయి చెల్లించేది అన్నం తినే కుటుంబం కాదు. ఆ బియ్యం తెప్పించే దిగుమతి వ్యాపారి. అంటే ఒక వ్యాపారానికి మరొక వ్యాపారమే ఖాతాదారు. ఆ ఖాతాదారుకు అందుతున్న సేవ మంచిదో కాదో కొలవడం ఎట్లా అన్నది చూడడానికి చిన్న ప్రశ్న. కాని దానికి ఇప్పుడు చెలామణిలో ఉన్న జవాబులలో చాలావరకు తప్పు వస్తువును కొలుస్తున్నాయి. ఆ పొరపాటు ఖరీదు ఓడ కంపెనీ మీద పడడం లేదు. దుకాణదారు మీద, అతని ద్వారా ప్రతి వంటింటి మీద పడుతున్నది.

నెయ్యి స్వచ్ఛతను ప్రయోగశాలలో పరీక్షించవచ్చు. ఇనుప కడ్డీ బలాన్ని యంత్రంతో సాగదీసి చూడవచ్చు. సేవకు అటువంటి రూపం లేదు. అది తయారవుతున్న క్షణంలోనే ఖర్చయిపోతుంది. ఈ చిక్కును శాస్త్రీయంగా విప్పడానికి ప్రయత్నించిన వారిలో ముఖ్యుడు మద్రాసు ఐఐటిలో ఇంజనీరింగు చదివి అమెరికా వచ్చిన ఎ. పరశురామన్. ఆయన జైథమల్, బెర్రీ అనే మరి ఇద్దరు ఆచార్యులతో కలిసి 1985లో ఒక సిద్ధాంతాన్ని ప్రకటించారు. ఖాతాదారు ఆశించినదానికీ, తనకు అందిందని అతడు భావించినదానికీ మధ్యనున్న అంతరమే సేవా నాణ్యతకు కొలత అన్నది దాని సారాంశం. 1988లో ఆ ముగ్గురే ఈ అంతరాన్ని 22 ప్రశ్నలుగా, 5 గుణాలుగా కుదించారు: కంటికి కనిపించే సౌకర్యాలు, మాట నిలుపుకోవడం, చురుకుగా స్పందించడం, భరోసా కలిగించడం, ఖాతాదారు కష్టసుఖాలను పట్టించుకోవడం. సర్వ్‌క్వాల్ అన్న పేరుతో ఈ పద్ధతి బ్యాంకుల నుంచి ఆసుపత్రుల దాకా ప్రపంచమంతటా వ్యాపించింది. ఆశించినదాన్ని వేరుగా అడగనక్కరలేదు, అందినదాన్ని అడిగితే చాలునని 1992లో క్రోనిన్, టేలర్ అనే పరిశోధకులు వాదించారు. ఆ చర్చ పండితులది.

సరుకు రవాణాకు వచ్చేసరికి అసలు ఇబ్బంది మరొక చోట ఉన్నది. 1985 నాటి పరిశోధన బ్యాంకులు, క్రెడిట్ కార్డులు, షేర్ల దళారీలు, వస్తువుల మరమ్మతు అనే నాలుగు రంగాల మీద జరిగింది. అక్కడ ఖాతాదారు అంటే చాలావరకు ఒక మనిషి. సరుకు తెప్పించే సంస్థలో ఖాతాదారు అనే మనిషి ఒక్కడు ఉండడు. కిరాయి బేరమాడేది యజమాని. కాగితాల కోసం రోజుకు నాలుగు మార్లు ఫోను చేసేది గుమాస్తా. బిల్లులో తప్పులు పట్టుకొనేది లెక్కలు చూసే ఆమె. కంటెయినర్ తలుపు తెరిచి తడిసిన సంచులను మొదట చూసేది గోదాములోని కుర్రవాడు. నలుగురికీ నాలుగు అనుభవాలు. ప్రశ్నాపత్రం మాత్రం యజమానికే వస్తుంది, దీపావళి మిఠాయి పెట్టెతో పాటుగా. ఆయన కిరాయి తగ్గిన సంవత్సరం సేవ బాగున్నదనీ, పెరిగిన సంవత్సరం బాగులేదనీ రాస్తాడు. తడిసిన సంచులను చూసిన కుర్రవాణ్ణి అడిగినవారు లేరు.

ఇటీవలి కాలంలో 22 ప్రశ్నలు కూడా బరువై, ఒకే ఒక ప్రశ్నకు దిగారు. ‘మా సంస్థను మీ తోటివారికి సిఫారసు చేస్తారా, సున్న నుంచి పది లోపల అంకె వేయండి’ అని. 2003లో ఫ్రెడరిక్ రైకెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. 9, 10 వేసినవారు అభిమానులు. 7, 8 వేసినవారు తటస్థులు. 6, అంతకు తక్కువ వేసినవారు విమర్శకులు. అభిమానుల శాతం నుంచి విమర్శకుల శాతాన్ని తీసివేస్తే సంస్థ మార్కు వస్తుంది. ఆంధ్రదేశంలో చదువుకున్నవారికి ఇందులోని తమాషా వెంటనే స్ఫురిస్తుంది. 60 మార్కులు వస్తే ఫస్టు క్లాసు, 75 వస్తే డిస్టింక్షన్ అని పెరిగిన వ్యాపారి ఎంతో సంతోషంతో 8 వేస్తే అతడు తటస్థుడు. ఫస్టు క్లాసు ఇచ్చానని తృప్తిపడి 6 వేస్తే అతడు విమర్శకుడు. అంకె సార్వత్రికమే గాని, అంకెకు మనిషి ఇచ్చే విలువ అతని బడిలో తయారవుతుంది. ఈ ఒక్క కారణం చాలు, ఇటువంటి మార్కుతో రెండు దేశాల ఖాతాదారులను పోల్చరాదని చెప్పడానికి.

మనుషుల అభిప్రాయాలను వదిలి గడియారాన్ని నమ్ముదామంటే, అక్కడ సగటు అనే మాయ ఎదురవుతుంది. ఇది నింపాదిగా చూడవలసిన విషయం. ఒక దిగుమతి వ్యాపారి రోజుకు 100 సంచుల బియ్యం అమ్ముతున్నాడనుకొందాం. అతని ఎదుట రెండు ఓడ కంపెనీలు ఉన్నాయి. మొదటిది సగటున 38 రోజులలో సరుకు చేరుస్తుంది; రెండవది 44 రోజులలో. ప్రకటన చూసిన ఎవరైనా మొదటిదే మేలంటారు. కాని మొదటి కంపెనీ సరుకు ఒకసారి 28వ రోజున, ఒకసారి 50వ రోజున వస్తుంది. గణితశాస్త్రం క్రమవిచలనమని పిలిచే ఈ చెదరుడు దానికి 10 రోజులు. రెండవ కంపెనీకి 3 రోజులే. నూటికి తొంభై అయిదు సార్లు దుకాణంలో బియ్యం లేదనిపించుకోకుండా ఉండాలంటే, చెదరుడును 1.65తో హెచ్చవేసి, అన్ని రోజుల సరుకును అదనంగా గోదాములో ఉంచుకోవాలి. మొదటి కంపెనీ అయితే 1,650 సంచులు. రెండవదైతే 495 సంచులు. ఇక సముద్రం మీద ప్రయాణంలో ఉన్న సరుకు కూడా వ్యాపారి డబ్బే గదా. మొదటిదానికి అది 3,800 సంచులు, రెండవదానికి 4,400. రెండూ కలిపితే మొదటి కంపెనీతో 5,450 సంచులు, రెండవదానితో 4,895 సంచులు. ఆరు రోజులు ఆలస్యంగా తెచ్చే కంపెనీ దగ్గర 555 సంచుల పెట్టుబడి మిగులుతున్నది.

పైగా ఈ లెక్క ఓడ కంపెనీల పట్ల దయ చూపిన లెక్క. ముందుగా రావడం, ఆలస్యంగా రావడం సమానంగా జరుగుతాయని భావించి చేసినది. నిజంలో ఓడ పది రోజులు ముందుగా రావడం చాలా అరుదు, ముప్ఫై రోజులు ఆలస్యం కావడం అరుదు కాదు. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడి ఆరు రోజులు దారి మూసింది. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలైన తరువాత అనేక ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి రావలసి వచ్చి, ప్రయాణానికి పది పద్నాలుగు రోజులు తోడయ్యాయి. చెదరుడు అంతా ఆలస్యం వైపే పొడుగ్గా సాగి ఉంటుందన్నమాట.

ఓడ కంపెనీల సమయపాలనను నెలనెలా లెక్కగట్టి ప్రకటించే సంస్థలు లేకపోలేదు. డెన్మార్కుకు చెందిన సీ-ఇంటెలిజెన్స్ లెక్కలు బాగా ప్రచారంలో ఉన్నవి. ప్రకటించిన రోజుకు ఒక రోజు అటూ ఇటూగా ఓడ వస్తే సమయానికి వచ్చినట్టే అన్నది వారి నియమం. ఆ లెక్క ప్రకారం 2019లో నూటికి సుమారు 78 ఓడలు వేళకు వచ్చాయి. మహమ్మారి కాలపు రద్దీలో, 2022 జనవరిలో, నూటికి 30 మాత్రమే వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో మెర్స్క్, హపాగ్-లాయిడ్ కంపెనీలు కలిసి జెమిని అనే ఏర్పాటును ప్రారంభిస్తూ 90 శాతానికి మించిన సమయపాలనను లక్ష్యంగా ప్రకటించాయి. ఒక రంగం తన లోపాన్ని అంకెగా ఒప్పుకొని, ఆ అంకె మీద పోటీ పడడం మెచ్చుకోదగిన పరిణామమే.

అయితే ఆ అంకె కొలిచేది ఓడ చేరిన రోజును. వ్యాపారికి కావలసినది సరుకు చేరిన రోజు. రెండింటి మధ్య ఎంత దూరమో తెలియాలంటే కొలంబో వంటి రేవులో ఏమి జరుగుతుందో చూడాలి. చిన్న ఓడ కొంచెం ఆలస్యమైనా, పెద్ద ఓడలో చోటు నిండినా, కొన్ని కంటెయినర్లు రేవులోనే దిగబడిపోయి తరువాతి వారపు ఓడకోసం కాచుకొంటాయి. పెద్ద ఓడ మాత్రం ఠంచనుగా బయలుదేరి ఠంచనుగా న్యూయార్క్ చేరుతుంది. ఓడ లెక్కలో అది నూటికి నూరు. దిగబడిపోయిన పెట్టె యజమాని లెక్కలో అది సున్న. అంతేగాక, శాతం లెక్కలో రెండు రోజుల ఆలస్యమూ ఇరవై రోజుల ఆలస్యమూ ఒకటే తప్పు. కొలతే లక్ష్యమైనప్పుడు అది మంచి కొలతగా ఉండడం మానేస్తుందన్న అర్థంలో గుడ్‌హార్ట్ సూత్రం అని ఆర్థికశాస్త్రంలో ఒకటి ప్రసిద్ధం. 30 రోజుల ప్రయాణానికి 34 రోజులని ముందే పట్టికలో వేసుకొంటే సమయపాలన దానంతట అదే మెరుగుపడుతుంది. రైల్వే టైంటేబుల్లో ఆఖరు స్టేషనుకు ముందు అరగంట కలిపి ఉంచే విద్య తెలిసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. నిజం చెప్పాలంటే, పట్టికలో నాలుగు రోజులు కలిపి ఆ మాట నిలుపుకొనే కంపెనీ, వ్యాపారికి మేలే చేస్తున్నది. పై లెక్కలో తేలినది అదే. తప్పు కలపడంలో లేదు. కలిపిన సంగతి దాచి, సేవ మెరుగుపడిందని చాటుకోవడంలో ఉన్నది.

సగటు చేసే మోసం సమయంతోనే ఆగదు. భీమవరం ప్రాంతపు చెరువులలో పెరిగిన రొయ్య గడ్డకట్టి అమెరికా వచ్చేటప్పుడు, శీతల కంటెయినర్‌లో సున్నకు దిగువన 18 డిగ్రీలలో ఉండాలి. రేవులో కరెంటు తీగ తగిలించడం కొన్ని గంటలు ఆలస్యమై లోపలి వేడి పెరిగి, తరువాత యంత్రం గట్టిగా పనిచేసి మైనస్ 20కి దించితే, ప్రయాణమంతటి సగటు సరిగ్గా మైనస్ 18 అనే వస్తుంది. కాని కొద్దిగా కరిగి మళ్ళీ గడ్డకట్టిన రొయ్యలో మంచు పలుకులు పెద్దవై కండను చీలుస్తాయి. వండినప్పుడు నీరు కారి, ముక్క పీచుగా తగులుతుంది. కంటెయినర్ యంత్రం రాసుకొనేది చుట్టూ తిరిగే గాలి ఉష్ణోగ్రతను, రొయ్య గుండెలోని ఉష్ణోగ్రతను కాదు. కనుక పెట్టెల మధ్య సొంత ఉష్ణోగ్రత నమోదు పరికరాన్ని ఉంచుకొన్న ఎగుమతిదారు మాత్రమే నష్టపరిహారానికి నిలబడగలుగుతాడు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి జిల్లాల రొయ్యల రైతుకు మిగిలే రూపాయి ఎంత పలుచనిదో అందరికీ తెలిసివచ్చింది. అటువంటి లాభంలో ఒక చెడిపోయిన కంటెయినర్ మరికొన్ని మంచి కంటెయినర్ల ఫలితాన్ని మింగివేయగలదు.

వేళకు రావడం, పూర్తిగా రావడం, చెడకుండా రావడం, కాగితాలు సరిగా ఉండడం. ఈ నాలుగూ కలిస్తేనే వ్యాపారి దృష్టిలో అది అందిన సేవ. ఒక్కొక్కటి విడివిడిగా నూటికి 95 సార్లు నెరవేరుతున్నదంటే వినడానికి ఘనంగా ఉంటుంది. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగేవనుకొంటే, నాలుగూ కలిసి నెరవేరే సంభావ్యత 81 శాతం చిల్లర. అంటే అయిదు కంటెయినర్లలో ఒకదానికి ఏదో ఒక తలనొప్పి తప్పదు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఒక అంకె తారుమారైతే చాలు, సరుకు రేవులో ఉండి కూడా చేతికి రాదు. రోజురోజుకూ డెమరేజి పెరుగుతుంది. ఈ డెమరేజి బిల్లులు ఎంత అడ్డగోలుగా మారాయంటే అమెరికా ప్రభుత్వం 2022 జూన్‌లో ఓడల రవాణా చట్టాన్నే సవరించవలసి వచ్చింది. 2024 మే 28 నుంచి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం బిల్లులో ఏయే వివరాలుండాలో నిర్ణయించారు, ముప్ఫై రోజుల లోపల పంపాలని గడువు పెట్టారు. బిల్లు సరిగా రాయడం కూడా సేవలో భాగమేనని చట్టం చెప్పవలసి రావడం ఈ రంగానికి గర్వకారణం కాదు.

వీటన్నిటి కంటె విలువైనది, పట్టికలలో అరుదుగా కనిపించేది మరొకటి ఉన్నది. చెడు వార్త ఎంత ముందుగా అందింది? కంటెయినర్ కొలంబోలో దిగబడిపోయిందని ఆ మరునాడే తెలిస్తే వ్యాపారి పక్క రాష్ట్రంలోని తోటి వ్యాపారిని అడిగి రెండు వందల సంచులు సర్దుకొంటాడు, సంక్రాంతికో ఉగాదికో చేసిన ప్రకటనను వాయిదా వేసుకొంటాడు. సరుకు రావలసిన రోజున, తానే ఫోను చేస్తే తెలిస్తే, చేయగలిగినది ఏమీ ఉండదు. ఆలస్యం రెండు సందర్భాలలోనూ ఏడు రోజులే. నష్టం వేరు. కనుక ప్రతి ఆలస్యానికీ పక్కన ‘ఎన్ని రోజుల ముందు తెలిపారు’ అన్న అంకెను కూడా రాయాలి. సేవా నాణ్యతకు ఒకే ఒక అంకెను ఎంచుకొమ్మంటే ఎంచుకోదగినది సమయపాలన శాతం కాదు, ఇదే.

దేశాల స్థాయిలో ప్రపంచబ్యాంకు 2007 నుంచి ఒక సూచీని ప్రకటిస్తున్నది. అందులో భారతదేశం 2018లో 44వ స్థానంలో, 2023లో 139 దేశాలలో 38వ స్థానంలో నిలిచింది. సంతోషించవలసినదే. అయితే అది దేశానికి పెట్టిన మార్కు. ప్రధానంగా సరుకు పంపే నిపుణుల అభిప్రాయాల మీద కట్టినది. కృష్ణపట్నంలోనో విశాఖలోనో ఎక్కించిన పెట్టె ఏ కంపెనీ ద్వారా పంపితే నమ్మకంగా వస్తుందో అది చెప్పదు, చెప్పడం దాని పని కూడా కాదు.

కాబట్టి కొలవవలసినది ఖాతాదారే. ఇక్కడ చిన్న వ్యాపారికి గణితం అడ్డు వస్తుంది. సంవత్సరానికి 12 కంటెయినర్లు తెప్పించే దుకాణదారుకు 8 వేళకు వచ్చాయనుకొందాం. 67 శాతమని అతడు కంపెనీని నిలదీస్తే, అది గాలివాటమని వారు కొట్టిపారేయగలరు. పన్నెండింటి మీద కట్టిన ఆ అంకె నిజానికి 40కీ 85కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని గణాంకశాస్త్రమే ఒప్పుకొంటుంది. అదే పదిమంది వ్యాపారులు తమ లెక్కలు కలిపితే 120 కంటెయినర్లు. అప్పుడు 67 శాతమంటే 58కీ 75కీ మధ్య. దాన్ని కొట్టిపారేయడం కష్టం. పెద్ద కంపెనీలు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. వాల్‌మార్ట్ 2017 నుంచి సరుకు వేళకు, పూర్తిగా రాకపోతే సరఫరాదారుల నుంచి జరిమానా వసూలు చేస్తున్నది. తెలుగు దుకాణదారుకు జరిమానా వేసే శక్తి లేదు. రుజువు చూపే శక్తినైనా సంపాదించుకోవచ్చు.

సంఘాలు ఏటా వ్యాపార సదస్సులు జరుపుతూనే ఉన్నాయి. ఉపన్యాసాలు, సన్మానాలు అయ్యాక ఒక గంట ఈ పనికి కేటాయిస్తే సదస్సుకు ఫలితం కనిపిస్తుంది. పోటీదారులు లెక్కలు ఎందుకు పంచుకొంటారన్న ఆక్షేపణ సహజమే. పంచుకోవలసినవి తేదీలు; కిరాయిలు కావు. కిరాయిలు, అమ్మకం ధరలు పంచుకోవడం పోటీ చట్టాల రీత్యా ప్రమాదం కూడాను. మరొక ఆక్షేపణ ఇంకా బలమైనది: ఆలస్యమంతా ఓడ కంపెనీదేనా? కాదు. రొయ్యలలో యాంటీబయాటిక్ మందుల కోసం అమెరికా ఆహార శాఖ పరీక్షలు జరిపినా, మిల్లు నుంచి లారీ కదలకపోయినా, అది ఓడ తప్పు కాదు. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాసుమతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు దుకాణాల ముందు వరసలు కట్టిన కుటుంబాలకు ఏ ఓడ కంపెనీ సమాధానం చెప్పగలదు? అందుకే ఒక్క మొత్తం ఆలస్యాన్ని రాసుకొంటే లాభం లేదు. మెట్టు మెట్టుకూ తేదీ ఉండాలి.

మిల్లు గేటు దాటిన రోజు, రేవులో ఓడకెక్కిన రోజు, నడిమి రేవును వదిలిన రోజు, అమెరికా రేవులో దిగిన రోజు, గోదాము తలుపు తెరిచిన రోజు. వీటికి తోడు ఆలస్యం కబురు అందిన తేదీ, తెరిచినప్పుడు చెడిపోయిన సంచుల లెక్క. మొత్తం ఏడు గడుల పట్టిక. చాలావరకు ఇవి ఇప్పటికే ఈమెయిళ్ళలో, రసీదులలో చెల్లాచెదురుగా ఉన్నవే; ఒకచోట చేర్చడానికి గుమాస్తాకు కంటెయినర్ ఒక్కింటికి పది నిమిషాలు పడుతుంది. ఆఖరు గడిని మాత్రం గోదాములోని కుర్రవాడి చేతనే నింపించాలి.